పానగల్లు కట్ట మీద ఈటె

పొద్దున అయిదున్నరకి పానగల్లు చెరువు కట్ట మీదికి నడకకి వచ్చేవాళ్ళు నన్ను చూసే ఉంటారు. చున్నీ నడుముకి బిగించి కట్టుకుని, నాకన్నా రెండు జానలు పొడుగున్న కర్ర పట్టుకుని, ఉన్న చోటునే నిలబడి గాలిలో పొడుస్తూ ఉంటాను. పక్కన రాయి మీద మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చునే పెద్దాయన మా సార్. తన పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. కానీ నేర్పినదాని గురించి రాయనా అంటే మాత్రం "రాయి బిడ్డా, దాంట్ల దాసుడేముంది" అన్నారు.

నేను నల్లగొండలో ఒక ఆఫీసులో లెక్కలు రాస్తాను. రోజంతా కుర్చీలో కూర్చుని మెడ పట్టేస్తుంటే డాక్టర్ నడవమన్నారు, అలా మూడేళ్ళ కింద కట్ట మీదికి రావడం మొదలైంది. ఆయన చెరువు వైపు తిరిగి చేస్తున్నది చూసి మొదట కర్రసాము అనుకున్నాను. అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పీర్ల పండుగకి తాలీం పిల్లలు కర్ర తిప్పుతుంటే చూసినదాన్నే. కానీ ఇది తిప్పడం కాదు. కర్ర పెద్దగా కదలదు, కొన మాత్రం చిన్న సున్నా చుట్టి దూసుకుపోతుంది, అంతే వేగంగా నడుము దగ్గరికి వెనక్కి వచ్చేస్తుంది. నాలుగు రోజులు దూరంగా నిలబడి చూశాను. అయిదో రోజు ఆయన తల కూడా తిప్పకుండా "సూసుడేనా, పట్టుకునేది ఉందా?" అని అడిగారు.

ఆయన్ని కూడా ఒకరు ఇలాగే పిలిచారని తర్వాత తెలిసింది. చిన్నప్పుడు ఊరి తాలీంలో కర్రసాము నేర్చుకున్న మనిషి, పెద్దయ్యాక అప్పు తెచ్చి ఏజెంటుకి కట్టి, కన్‌స్ట్రక్షన్ పనికి సింగపూర్ వెళ్ళారు. ఉండే చోటికి దగ్గర్లో ఒక పార్కు, అక్కడ ఆదివారం పొద్దున్నే ఒంటరిగా ఈటె పట్టే చైనీయ ముసలాయన. ఈయనకి చైనీస్ రాదు, ఆయనకి తెలుగు రాదు, ఇద్దరి ఇంగ్లిషూ అంతంత మాత్రమే. అయినా తొమ్మిదేళ్ళు నేర్పాడు. ఒక్క డాలర్ తీసుకోలేదు, పైగా సాధన అయ్యాక చిక్కటి కాఫీ, అక్కడ కోపి అంటారట, ఆయనే తాగించేవాడు. ఇప్పుడు కట్ట దిగాక నా చాయ్ డబ్బులు సార్ ఇస్తారు. నేనిస్తే హోటల్ అతను తీసుకోడు, ముందే చెప్పి పెట్టారు.

ఆ ముసలాయన నేర్చుకున్నది జింగ్‌వూ వాళ్ళ పద్ధతి. 1910లో షాంఘైలో మొదలైన సంఘం అది, హువో యువాన్‌జియా అనే పేరున్న యోధుడితో ముడిపడింది, ఆయన ఆ ఏడాదే చనిపోయారు. తర్వాత సింగపూర్, మలేషియా దాకా శాఖలు వెళ్ళాయి. అంతకుముందు ఇలాంటి విద్య చాలావరకు ఇంట్లో కొడుక్కో, బాగా నమ్మిన శిష్యుడికో మాత్రమే అందేది. జింగ్‌వూ వాళ్ళు వేరువేరు శైలుల గురువులని ఒక్క చోటికి తెచ్చి, అందరికీ ఉమ్మడిగా 10 వరసలు, అంటే ఒకదాని వెంట ఒకటి చేసే కదలికల కూర్పులు, పెట్టి, బయటివాళ్ళకి నేర్పారు, ఆడవాళ్ళకి కూడా నేర్పారు. ఆ ముక్క చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ పదిలో ఒకటి వూ హూ చియాంగ్, అంటే అయిదు పులుల ఈటె. ఇంకొకటి ఒకరు కత్తి, ఒకరు ఈటె పట్టుకుని ఎదురెదురుగా చేసేది.

ఈటె వెంటనే చేతికి ఇవ్వలేదు. ఎనిమిది నెలలు తాన్ త్వే అనే కాళ్ళ సాధన మాత్రమే చేయించారు. అందులో 12 చిన్న వరసలు, ఒక్కో వరసలో నాలుగైదు కదలికలు, కుడికి చేసింది ఎడమకి, ముందుకి పోతూ కట్ట మీద కరెంటు స్తంభం దాకా, మళ్ళీ వెనక్కి. కాలు ఎత్తుగా తన్నడం ఉండదు, మోకాలి కింద ఎత్తులో వదిలి వెంటనే లాగేసుకోవాలి. తొడలు మండిపోయేవి, ఆఫీసులో మెట్లు దిగడానికి గోడ పట్టుకునేదాన్ని. ఇది చైనాలోని హుయ్ ముస్లింల విద్య అని పేరు, నాన్‌జింగ్ నుంచి బీజింగ్ దాకా ఎక్కడ చూసినా తాన్ త్వే వాళ్ళ దగ్గర పుట్టిందే అని అక్కడ ఒక నానుడి కూడా ఉంది. సార్‌కి ఈ సంగతి చాలా ఇష్టం. ఎందుకంటే ఊళ్ళో ఆయనకి కర్ర నేర్పిన ఉస్తాద్ ముస్లిమే. లతీఫ్ సాబ్ గుట్ట ఉర్సుకి వెళ్ళినప్పుడు మెట్ల మీద కూర్చుని ఆయన గురించి చాలాసేపు చెప్పారు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇక ఈటె. నిలబడి చెయ్యి పైకెత్తితే వేళ్ళ కొసలు ఎంత ఎత్తుకి అందుతాయో కనీసం అంత పొడవుండాలి. చైనాలో దీనికి వాడేది ఒక రకం తెల్లటి కర్ర, మొదలు లావుగా, కొన సన్నగా ఉంటుంది, చిత్రిక పట్టి సన్నం చేయరు, బెరడు మాత్రం తీస్తారు, అందుకే ఎంత వంచినా విరగకుండా స్ప్రింగులా వెనక్కి వస్తుంది. సార్ దగ్గర అలాంటిది ఒక్కటే ఉంది, సింగపూర్ నుంచి సామాన్లతో పాటు కార్గోలో వేయించుకున్నది. మెడ దగ్గర ఎర్రటి కుచ్చు ఉంటుంది. పొడిచినప్పుడు రక్తం కర్ర మీదికి కారి చెయ్యి జారకుండా, ఇంకా ఎదుటివాడి చూపు చెదిరేలా కట్టేవాళ్ళట. ఇనుప మొన తీసేసి గుడ్డ చుట్టి పెట్టారు. నాకు మాత్రం మొదట లోపల బొక్క లేని గట్టి వెదురు ఇచ్చారు, అది వంగదు కాబట్టి తప్పు చేస్తే మణికట్టుకి వెంటనే తెలుస్తుంది.

ఈటె అంతా మూడు పనుల్లో ఉంది. లాన్, నా, ఝా. ఎదుటివాడి కర్రని బయటి వైపుకి, అంటే నా ఎడమకి, చుట్టి తోసేది లాన్. లోపలి వైపుకి, కుడికి, చుట్టి కిందికి అణిచేది నా. పొడిచేది ఝా. ముందు చెయ్యి గొట్టంలా వదులుగా ఉండాలి, కర్ర అందులోంచి జారాలి. వెనక చెయ్యి తాళంలా పట్టి ఉండాలి, అది నడుముని వదలకూడదు. ముక్కు కొన, ఈటె కొన, ముందరి కాలి కొన ఒకే గీత మీద ఉండాలి. చెప్పడానికి ఇంతే. నేను ఈ మూడింటినీ రెండేళ్ళుగా చేస్తున్నాను, రోజుకి మూడు వందలు. కర్రకి నెల, కత్తికి ఏడాది, ఈటెకి జీవితమంతా అని చైనావాళ్ళు ఊరికే అనలేదు.

నాకు పెద్ద చిక్కు సున్నా. నేను చుట్టే సున్నా జానెడు ఉండేది, భుజంతో తిప్పేదాన్ని. "భుజం ఎందుకు గుంజుతున్నవ్ బిడ్డా, నడుముతోటి తిప్పు" అని కొన్ని వందల సార్లు చెప్పి ఉంటారు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఒకరోజు సూర్యుడు అప్పుడే పైకి వస్తుంటే, ఎండ పక్క నుంచి పడేటట్టు నన్ను నిలబెట్టి నీడని చూడమన్నారు. ఆ వేళ నీడలు పొడుగ్గా సాగుతాయి కదా, నా జానెడు సున్నా నేల మీద చాటంత గుడ్డులా ఊగుతోంది. తర్వాత అదే చోట ఆయన నిలబడి చేశారు. నీడ కొన వణికినట్టు అనిపించింది, అంతే. చెప్పిన మాటతో రాని బుద్ధి ఆ రెండు నీడలని పక్కపక్కన చూస్తే వచ్చింది. పానగల్లు వాళ్ళకి నీడ కొత్త కాదు, ఛాయా సోమేశ్వరంలో లింగం మీద రోజంతా నిలిచే నీడని చూస్తూ పెరిగినవాళ్ళు. అయినా నీడతో ఈటె నేర్పొచ్చని నాకు ఎన్నడూ తట్టలేదు.

అన్నింటికన్నా ఎక్కువ నేర్చుకున్నది ఆయన కర్రకి నా కర్ర ఆనించి చేసిన పొద్దుల్లోనే. ఎదురెదురుగా నిలబడి రెండు కర్రలు కొసల దగ్గర తగిలేలా పెడతాం. ఆయన పొడుస్తారు, నేను లాన్‌తో తోయాలి. మళ్ళీ పొడుస్తారు, 'నా'తో అణచాలి. కావాలంటే ఆయన రెప్పపాటులో నా ఛాతీ తాకగలరు. అలా చేయరు. నేను నేర్చుకోవడానికి సరిపోయేంత బలం, సరిపోయేంత వేగం మాత్రమే ఇస్తారు, వారం వారం కొంచెం పెంచుతారు. నా కర్ర సరిగ్గా తగిలితే తనది వదులుతారు, తప్పుగా తగిలితే అలాగే ఆపి "గిప్పుడు నీకు ఏడ ఖాళీ ఉంది, సూడు" అంటారు. అంటే తనని ఎలా ఓడించాలో కూడా తనే చూపిస్తారు. ఇది ఎంత పెద్ద మనసో కర్ర పట్టనివాళ్ళకి ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

శిష్యుడికి అంతా నేర్పితే గురువు ఆకలితో చస్తాడని చైనాలో ఒక పాత మాట ఉంది. మన దగ్గర కూడా ఉస్తాద్ ఒక్క పట్టు తన దగ్గర ఉంచుకుంటాడని అంటుంటారు కదా. నేను ఒకసారి ఇదే అడిగాను, మీరేం దాచుకున్నారు సార్ అని. ఆయనకి ప్రశ్నే అర్థం కాలేదు. కాసేపాగి, తనకి ఇంకా సరిగ్గా రానివి ఏవో చెప్పడం మొదలుపెట్టారు, వెనక్కి తిరిగి పొడిచేది మోకాలి వల్ల సరిగ్గా కుదరదని, అది వీడియోల్లో చూసి నేర్చుకొమ్మని.

ఫీజు తీసుకోరు. మొదటి దసరాకి కవర్‌లో డబ్బులు పెట్టి ఇస్తే తిరిగి నా బ్యాగులోనే పెట్టేశారు. ఆ రోజు వాళ్ళింట్లో పార, కొడవలి, మోటారు స్టార్టరు పెట్టె, వాటి పక్కన గోడకి ఆనించి సింగపూర్ ఈటె, అన్నింటికీ పసుపు కుంకుమ పెట్టి ఉన్నాయి. సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళకి మొక్కితే అది మాత్రం తీసుకుని జేబులో పెట్టుకున్నారు. వాళ్ళ చిన్నకోడలు, వదినా అని పిలుస్తాను, నన్ను తినకుండా పంపలేదు.

చైనాది మనకెందుకు అని అడిగేవాళ్ళు ఉన్నారు. దాన్ని బోధిధర్ముడనే బౌద్ధ భిక్షువు రూపంలో మనవాళ్ళే అక్కడికి తీసుకెళ్ళారు కదా అని సర్దిచెప్పేవాళ్ళూ ఉన్నారు. యుద్ధవిద్యకి పేరుపడ్డ షావొలిన్ గుడి 495లో ఇక్కడి నుంచి వెళ్ళిన వేరే భిక్షువు కోసం కట్టించారన్నది చైనావాళ్ళు రాసి పెట్టుకున్నదే. కానీ బోధిధర్ముడు యుద్ధవిద్య నేర్పాడన్నది చాలా తర్వాత, 17వ శతాబ్దం నాటికి అల్లుకున్న కథ. వాళ్ళ కష్టం వాళ్ళది, దాన్ని మనది అనుకుంటే గానీ గౌరవించలేమా? పరాయితనం గురించి బెంగ ఉన్నవాళ్ళకి ఒక మాట: నాగార్జునకొండలో దొరికిన 3వ శతాబ్దపు శాసనంలో కశ్మీరం, గాంధారంతో పాటు చీన అనే పేరు కూడా చెక్కి ఉంది. కృష్ణ ఒడ్డున బతికినవాళ్ళకి ఆ దేశం పేరు అప్పటికే తెలుసు.

మొన్న చలికాలంలో ఒక పొద్దున నా 'నా' మొదటిసారి సరిగ్గా పడింది. భుజం కదల్లేదు, నడుము తిరిగింది, ఆయన కర్ర కిందికి పోయింది, నా కర్ర దాని మీదుగా జారి వెళ్ళి ఆయన ముందు చేతి వేళ్ళకి తగిలింది. రెండు కణుపుల దగ్గర తోలు లేచి రక్తం వచ్చింది. నాకు ఏడుపొచ్చేసింది. ఆయన ఆ చెయ్యి దులుపుకుంటూ నవ్వి "గిదే బిడ్డా! మళ్ళా కొట్టు, మర్సిపోకముందే మళ్ళా కొట్టు" అన్నారు. మరో ఇరవై సార్లు కొట్టించుకున్నాకే కట్టు కట్టనిచ్చారు.

ఇప్పుడు అయిదు పులుల ఈటె నేర్చుకుంటున్నాను. మొదటి నుంచి నాకొక అలవాటు, ప్రతి రోజు నేర్చుకున్నది ఆఫీసు లెడ్జర్ లాంటి నోట్‌బుక్‌లో గీతలతో బొమ్మలు వేసి, పాదం ఎటు, చూపు ఎటు, సార్ ఏ మాట అన్నారు, అన్నీ రాసి పెట్టుకుంటాను. పోయిన వారం సార్ వరస చూపిస్తూ మధ్యలో ఆగిపోయారు. మొదటి నుంచి మళ్ళీ చేశారు, అక్కడే ఆగారు. మూడోసారి కూడా. ఆయన ముఖంలో అలాంటి కంగారు నేనెప్పుడూ చూడలేదు, ఈ మధ్య పేర్లు కూడా మర్చిపోతున్నారని వదిన చెప్పింది గుర్తొచ్చి నాకు గుండె దడదడలాడింది. బ్యాగులోంచి నోట్‌బుక్ తీశాను. పేజీ దొరికింది, ఫిబ్రవరిలో రాసుకున్నది. ఈటె తల మీదుగా తిప్పి, ఎడమ కాలు వెనక్కి వేసి, కిందికి పొడవాలి.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని బొమ్మని చాలాసేపు చూశారు. తర్వాత సింగపూర్ ఈటె నా చేతికిచ్చి, వెదురు కర్ర తను తీసుకుని, నా వెనక రెండడుగుల దూరంలో నిలబడ్డారు.

"మెల్లగ చెయ్యి బిడ్డా" అన్నారు. "నేను సూసుకుంట చేస్త."