వాసన తెలియని నెలన్నర

2021 మే రెండో వారంలో ఒక రాత్రి నాకు ఒళ్ళు వెచ్చబడింది. కొత్తపేట దగ్గర కాలవ గట్టున ఉన్న వృద్ధాశ్రమంలో అప్పటికి ఆరేళ్ళుగా పని చేస్తున్నాను. పెద్దవాళ్ళు 22 మంది, మేము ఐదుగురం. స్నానాలు చేయించడం, పక్కలు మార్చడం, అన్నం మెత్తగా కలిపి తినిపించడం మా పని. వేసవి కదా, కాలవ కట్టేశారు. కరోనా రెండో విడత, మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. అంబులెన్సు మోత తప్ప రోడ్డు మీద ఇంకో చప్పుడు ఉండేది కాదు.

జ్వరం సంగతి ఆ రాత్రి ఎవరికీ చెప్పలేదు. పారాసిటమాల్ వేసుకుని పడుకున్నాను. పొద్దున్నే లేచి మాస్కు పెట్టుకుని ఐదుగురికి స్నానం చేయించాను. ఎందుకు చెప్పలేదంటే, మా దగ్గర రాని రోజుకి జీతం కోత. నాకొచ్చేది 9 వేలు, ఇంట్లో ఇద్దరు పిల్లలు. అప్పటికే ఒకామె భయపడి మానేసింది. నేనూ పడుకుంటే రాత్రి డ్యూటీకి మనిషి లేరు. ఇవన్నీ నిజమే. ఆ జ్వరం చేతులతో ఐదుగురిని తాకానన్నదీ నిజమే.

ఏప్రిల్ 1 నుంచి 45 దాటినవాళ్ళందరికీ టీకా అన్నారు. మా పెద్దవాళ్ళలో చాలామందికి ఒక డోసు పడింది. నాకు 41. ఆసుపత్రి సిబ్బందికి జనవరిలోనే మొదలుపెట్టారు గానీ మమ్మల్ని ఆ లెక్కలోకి ఎవరూ తీసుకోలేదు. ఆసుపత్రిలో ఆయా చేసే పనే మేమూ చేస్తున్నాం.

ఆ మధ్యాహ్నం మాస్టారి దుప్పటి సర్దుతున్నాను. తోటి అమ్మాయి గుమ్మంలోంచే ముక్కు చిట్లించి, "అక్కా, పక్క తడిసింది, తెలీట్లేదా?" అంది. నేను మంచం మీదకి వంగి ఉన్నాను, నాకు ఏమీ తెలియలేదు. మా పనిలో సగం ముక్కుతోనే. పక్క తడిస్తే నోరు విడిచి చెప్పుకోలేని వాళ్ళుంటారు. పుండు చీము పడుతోందన్నా, పాలు విరిగాయన్నా ముందు పసిగట్టేది ముక్కే. మాస్కు దించి దుప్పటి మొహం దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. కాళ్ళు వణికాయి. తిన్నగా మేనేజరుగారి దగ్గరికెళ్ళి దూరంగా నిలబడి అంతా చెప్పేశాను.

పరీక్షలో పాజిటివ్ వచ్చింది. ఇంటికెళ్తే పిల్లలకి అంటుతుందని ఆశ్రమం వెనక సామాన్ల గదిలో మంచం వేశారు. పిల్లల్ని మా అమ్మ చూసుకుంది. పగలు వంటామె కిటికీలో జావ పెట్టి వెళ్ళేది. "తాగావా?" అని తాగేదాకా అవతలే నిలబడేది.

ఐదో రోజున రాజోలు మామ్మ అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మింగలేదట. "మా అన్నయ్య పడవ దిగాడా?" అని అడిగిందట. ఆ అన్నయ్య పోయి ఇరవై ఏళ్ళు. జ్వరం లేదు, దగ్గు లేదు. ఎండకి తిక్కపడిందనుకున్నారు. ముసలివాళ్ళలో ఇది ఇలా కూడా మొదలవుతుందని, ఉన్నట్టుండి మతి తడబడినా, తిండి మానేసినా, తూలి పడినా ముందు ఆక్సిజన్ చూడాలని ఫోనులో డాక్టరుగారు చెప్పారు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరు వేలికి పెడితే ఒకసారి 80, ఒకసారి అసలు అంకే లేదు. నేను కిటికీలోంచి తోటి అమ్మాయికి అరిచి చెప్పాను: "చేతులు చల్లగా ఉంటాయే ఆవిడకి, వేళ్ళు రుద్ది వెచ్చచేసి పెట్టు. అంకె కుదురుకునేదాకా కదపకు." ఆ పిల్ల రెండు చేతుల మధ్య ఆ ముడతల వేళ్ళు పెట్టుకుని రుద్దింది. ఈసారి 88 దగ్గర నిలిచింది. అంబులెన్సు కోసం రాత్రి తొమ్మిదింటిదాకా చూశారు.

ఎనిమిదో రోజున నాకు ఆయాసం మొదలైంది. కూర్చుంటే ఆక్సిజన్ 95, గదిలో ఆరు నిమిషాలు నడిస్తే 91. ఊళ్ళో ఆరెంపీ మొదటి రోజే స్టెరాయిడ్ బిళ్ళలు పంపాడు. ఆక్సిజన్ అవసరం పడనివాళ్ళకి వాటితో మేలు లేదు, చెడ్డ జరగొచ్చు, అప్పుడే వద్దని డాక్టరుగారు ఆపించారు. ఆసుపత్రిలో చేరాక వాళ్ళే ఇచ్చారు. ఐదు రోజులు ఆక్సిజన్, బోర్లా పడుకోవడం. బోర్లా పడుకుంటే నిజంగానే ఊపిరి కాస్త సులువయ్యేది.

తిరిగొచ్చాక మామ్మ మంచం ఖాళీగా ఉంది. నేను ఆసుపత్రిలో ఉండగానే పోయింది. నాకు చెప్పొద్దని అందరూ అనుకున్నారట. అది నా నుంచే అంటిందా అని డాక్టరుగారిని అడిగాను. "పాలవాడు వస్తున్నాడు, సరుకులు వస్తున్నాయి, ఎవరు చెప్పగలరమ్మా" అన్నారు. జ్వరమొచ్చిన మర్నాడు నేను స్నానం చేయించిన ఐదుగురిలో మామ్మ ఉంది. నాకు అంతవరకే తెలుసు, అది చాలు నాకు నిద్ర పట్టకపోవడానికి.

మేనేజరుగారితో ఇదంతా దాచకుండా చెప్పాను. కోత ఉంటే జ్వరం దాస్తారండీ, నేనే దాచాను అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ నెల నా జీతం పూర్తిగా ఇచ్చారు. అప్పటినుంచి జ్వరమని చెప్పినవాళ్ళకి కోత లేదు. ఇంగ్లండులో కేర్ హోంలో పని చేస్తున్న మా చెల్లెలి కూతురు తర్వాత చెప్పింది, అక్కడ 2020 మేలోనే ఇందుకోసం 60 కోట్ల పౌండ్ల నిధి పెట్టారట. జబ్బుపడి ఇంట్లో ఉన్న సిబ్బందికి మామూలు జీతం అందాలని, ఒకే మనిషి రెండు మూడు హోముల్లో తిరగకూడదని. మా జిల్లాలో అలాంటిది ఒక్కటున్నా నేను ఆ పొద్దున్న మంచం దిగేదాన్ని కాదు.

నీరసం చాలాకాలం ఉంది. సగం బకెట్టు మోస్తే గోడ పట్టుకోవాల్సొచ్చేది. తేలిక పనులిచ్చారు, మందులు పంచడం, పెద్దవాళ్ళకి వాళ్ళ పిల్లలతో ఫోను కలపడం. జూన్‌లో కాలవకి నీళ్ళు వదిలారు. కొత్త నీటికి బురద వాసన ఎంతలా వస్తుందో నాకు తెలుసు. గట్టు మీద నిలబడ్డాను, తెలియలేదు.

జూలై మొదట్లో ఒక తెల్లవారుజామున మగవాళ్ళ గదిలో అడుగుపెట్టేసరికి ముక్కుకి ఘాటుగా తగిలింది. మాస్టారి మంచం దగ్గరికెళ్ళాను. "లేవండి మాస్టారూ, పక్క మారుద్దాం."

"ఎలా తెలిసిందమ్మా? నేను చెప్పలేదే!" అన్నారు, మొహం గోడవైపు తిప్పుకుని.

"వాసనొచ్చిందండీ" అన్నాను. నా గొంతు విని ఆయన ఇటు తిరిగారు. నేను ఏడుస్తున్నానని కంగారుపడి, "నా వల్లేనా అమ్మా?" అని అడిగారు. కాదండీ కాదండీ అంటూనే గోరువెచ్చని నీళ్ళు తెచ్చి, ఒళ్ళు తుడిచి, పొడి పంచె కట్టాను.