ఎండుగడ్డి పరక

అమెరికాలోని మోంటానాలో అడవి మంటల నడక అంచనా కట్టే శిక్షణకొచ్చి వారమైంది. ఇవాళ కొండవాలు మీద నిలబడి, ఒకదానికి తడి గుడ్డ తొడిగిన జంట థర్మామీటర్లను గిరగిరా తిప్పాం. రెండింటి తేడాను బట్టి గాలిలో తేమ లెక్కగట్టాలి. పొద్దున మెత్తగా వంగిన ఎండుగడ్డి పరక మధ్యాహ్నానికి పుటుక్కున విరిగింది. సాయంత్రం మంట ఎలా వస్తుందో అదే చెప్పేస్తుంది!

మంట వేగం లెక్కలకు, అడవి మంటల పరిశోధకుడు రోథర్మెల్ 1972లో ఇచ్చిన సూత్రమే ఇప్పటికీ ఆధారం. ఇదే రాష్ట్రంలో, మాన్ గల్చ్ అనే లోయలో, 1949 ఆగస్టులో గడ్డి మంట ఏటవాలు ఎక్కుతూ వెంటాడితే ఆర్పడానికి వెళ్లిన 13 మంది చనిపోయారు. వాళ్లు పరిగెత్తిందీ పైకే.

నా అంచనా ఇవాళ అరగంట తప్పింది. కాగితం మీదే, నిజమే. కానీ ఆ అరగంటలో కొండ మీద ఎవరుంటారో తలుచుకుంటే అన్నం సయించలేదు. మళ్లీ మొదటినుంచి లెక్క వేస్తున్నా.