ముసురు పట్టిన శనివారం, గ్రెటా వాన్ ఫ్లీట్ కొత్త ఆల్బమ్

22 జులై 2023, శనివారం

షాపు తీశాను గానీ తీసి చేసేదేం లేదు. ఆషాఢం పోతే పెళ్లిళ్లు మొదలవుతాయి, చేతిలో నాలుగు పైసలు ఆడతాయి అనుకుంటే ఈ ఏడు అధిక శ్రావణం వచ్చి పడ్డది, ఆగస్టు సగం దాటితే గానీ ముహూర్తం అన్న మాటే లేదు. దానికి తోడు ముసురు. తెరిపి లేకుండా పడుతూనే ఉంది, నయీంనగర్ నాలా వైపు మాత్రం పోకు అని పొద్దున్నే మా ఆవిడ వార్నింగ్, ఇక్కడ షాపులో బాక్సుల మీద ఎన్ని కవర్లు కప్పినా చెమ్మ వాసన. మైకుసెట్ నడిపేవాడికి వానాకాలం అంటే రిపేర్ల కాలం, అంతే.

కాబట్టి రిపేర్లే. పోయిన నెల ఏదో ఫంక్షన్‌లో డీజే పిల్లలు వాల్యూమ్ ఆ చివరిదాకా తిప్పేసి కాల్చిన పదిహేను ఇంచుల స్పీకర్ల జత మూలన పడి ఉంది. నిన్న వాటికి కొత్త వాయిస్ కాయిల్, కొత్త కోన్ వేసి గమ్ము ఆరడానికి రాత్రంతా వదిలేశాను, ఈ చెమ్మకి గమ్ము కూడా ఓ పట్టాన ఆరి చావదు. పొద్దున వచ్చి రెండు చేతుల వేళ్లూ కోన్ చుట్టూ సమంగా ఆనించి, మెల్లగా లోపలికి నొక్కి, వదిలి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. కాయిల్ వెంట్రుకవాసి పక్కకి ఒరిగినా గరగరమంటుంది. ఒకటి శుభ్రంగా ఉంది. రెండోదాని మీద కొంచెం అనుమానం, పాట పెట్టి కొడితే గానీ తేలదు.

ఏ పాట అన్న ఆలోచనే లేదు, ఎందుకంటే గ్రెటా వాన్ ఫ్లీట్ అనే రాక్ బ్యాండు కొత్త ఆల్బమ్ నిన్ననే వచ్చింది. స్టార్‌క్యాచర్. ఫోన్‌కి వైరు తగిలించి మొదటి పాట మొదలుపెట్టాను.

నాకీ రాక్ పిచ్చి వరంగల్ ఎన్ఐటీ పుణ్యం. కుర్రాడిగా ఉన్నప్పుడు స్ప్రింగ్‌స్ప్రీకి, అంటే ఆ కాలేజీ పిల్లల పండగకి, బాక్సులు మోయడానికి పోయేవాణ్ణి (మా పెద్దోళ్లకి ఆ కాలేజీ ఇప్పటికీ ఆర్ఈసీనే), స్టేజీ మీద పిల్లలు గిటార్లు ట్యూన్ చేసుకుంటుంటే నోరు తెరుచుకుని చూస్తుండేవాణ్ణి, అది చూసి ఒకతను పెన్‌డ్రైవ్ నిండా పాటలు ఎక్కించి ఇచ్చాడు. లెడ్ జెపెలిన్, డీప్ పర్పుల్, బ్లాక్ సబ్బత్, అన్నీ ఇంగ్లండ్ పాత రాక్ బ్యాండ్లే. మాటలు సగం అర్థం కావు, ఇప్పటికీ కావు, కానీ డ్రమ్స్ అర్థమయ్యాయి.

గ్రెటా వాన్ ఫ్లీట్ అమెరికాలో మిషిగన్ రాష్ట్రం వాళ్లు, ఫ్రాంకెన్‌ముత్ అనే అయిదు వేల మంది ఉండే చిన్న ఊరు. ముగ్గురు అన్నదమ్ములు, అందులో జాష్, జేక్ కవలలు, ఒకడు పాడతాడు ఒకడు గిటార్. చిన్నోడు శామ్ బేస్, కీబోర్డు. స్నేహితుడు డానీ వాగ్నర్ డ్రమ్స్. బ్యాండు పేరు కూడా ఊళ్లో ఒక పెద్దావిడ పేరులోంచి ఒక అక్షరం ఎత్తేసి పెట్టుకున్నదే. ఇంట్లో నాన్న దాచుకున్న పాత రికార్డులు వింటూ పెరిగిన పిల్లలు, ఆ రికార్డుల్లాగే వాయిస్తారు. గొడవంతా అక్కడే. జాష్ గొంతెత్తితే లెడ్ జెపెలిన్‌లో పాడిన రాబర్ట్ ప్లాంట్ గుర్తుకు రాకుండా ఉండడు, ఆ ప్లాంటే 2018లో ఒకసారి వీళ్లు లెడ్ జెపెలిన్ మొదటి ఆల్బమే అన్నట్టు మాట్లాడాడు. అదే ఏడు వీళ్ల మొదటి పూర్తి ఆల్బమ్ వస్తే పాటల మీద రివ్యూలు రాసే పిచ్‌ఫోర్క్ వెబ్‌సైట్ వాళ్లు పదికి 1.6 వేశారు. నూటికి పదహారు! మా దగ్గర తెల్ల కాగితం ఇచ్చినోడికి కూడా అంతకంటే ఎక్కువ వేస్తారు. ఇంకో నాలుగు నెలలకి, 2019 ఫిబ్రవరిలో, అంతకు ముందటి ఈపీకి (ఆల్బమ్ కంటే చిన్న రికార్డు) బెస్ట్ రాక్ ఆల్బమ్ అని గ్రామీ ఇచ్చారు. ఎవరి మాట నమ్మాలో మీరే చెప్పండి.

మూడో పాట నడుస్తుండగా మామ వచ్చాడు. మా మేనమామ. గొడుగు దులిపి బయట పెట్టి, కుర్చీ లాక్కుని, కాసేపు ఏమీ అనకుండా విన్నాడు. మామ ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో పాడేవాడు, పరకాల, హుజూరాబాద్, జమ్మికుంట, ఎక్కడ గణపతి నవరాత్రులైతే అక్కడ, బ్యానర్ మీద జూనియర్ ఘంటసాల అని రాసేవాళ్లు. ఇప్పటికీ ఎవరైనా ఆ మాట అంటే మొహం వెలిగిపోతుంది.

"ఈ పోరగాడు ఎవలి పాట పాడుతుండు రా?"

"వాళ్ల పాటే మామా, కొత్తది, నిన్ననే రిలీజైంది."

"పాట వాళ్లదే. మరి గొంతెవలిది?"

లెడ్ జెపెలిన్ పేరు కూడా తెలియని మనిషి! ఎట్లా కనిపెట్టాడో అడిగితే, పాడేవాడు తన గొంతు కోసం పాడుతున్నాడా, మనసులో ఇంకెవరినో పెట్టుకుని పాడుతున్నాడా అన్నది పైకి ఎక్కేటప్పుడు తెలిసిపోతుంది అన్నాడు, తను అదే పని ఇన్నేళ్లు చేశాడు కాబట్టి తెలుసు అన్నాడు. నేను ఫోన్లో ప్లాంట్ పాడింది ఒకటి వినిపించాను. తల ఊపి, "మరి తిట్టుడెందుకు, మంచిగనే దింపిండు కదా" అన్నాడు.

ఇదే నాకు పొద్దంతా బుర్రలో తిరిగింది. మన దగ్గర అచ్చం ఘంటసాల లాగే పాడాడు అంటే అంతకు మించిన మెచ్చుకోలు లేదు. అక్కడ అచ్చం ప్లాంట్ లాగే అంటే జిరాక్స్ అని తిట్టినట్టు. అయితే మామ కేసు వేరు, ఆయన ఘంటసాల పాటలే పాడాడు. వీళ్లు పాత గొంతుతో కొత్త పాట కడుతున్నారు. దానికి మన దగ్గర సరిగ్గా సరిపోయేది వి. రామకృష్ణ. 1970లలో నాగేశ్వరరావుకి, కృష్ణంరాజుకి పాడుతుంటే ఘంటసాల ఛాయ ఉందనే అన్నారు, అది మెప్పూ అయింది, మెడకి గుదిబండా అయింది. ఆ పక్కనే బాలు ఏ హీరోకి ఆ హీరో గొంతు పెట్టి పాడుతూ, చివరికి ఎవరిలా పాడినా బాలూనే అనిపించే దాకా పోయాడు. నేను రామకృష్ణ అభిమానిని, కాబట్టి ఈ విషయంలో నాకు పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను. ఆయన పాట మొదలైతే నేను ఎవరి ఛాయా వెతకను. పాట బాగుంటే గొంతు ఎవరిదన్న ప్రశ్నే రాదు. పాట అంతంతమాత్రంగా ఉన్నప్పుడే ఆ ప్రశ్న వస్తుంది, గ్రెటా వాళ్ల అసలు సమస్య నా లెక్కన అది.

2021లో వచ్చిన వాళ్ల ముందటి ఆల్బమ్ గంట దాటి సాగుతుంది, వయొలిన్లు, హంగామా, వింటుంటే నాకు ఆయాసం వచ్చింది. ఈ స్టార్‌క్యాచర్ పది పాటలు, నలభై రెండు నిమిషాల పైచిలుకు, అంటే పాతకాలం ఎల్‌పీ రికార్డు రెండు వైపులా సరిపోయే కొలత. రికార్డింగ్ నాష్‌విల్‌లో ఆర్‌సీఏ స్టూడియోలో, ప్రొడ్యూసర్ డేవ్ కాబ్. అక్కడి 'స్టూడియో ఏ' అనేది 1965 నాటి పెద్ద హాలు, 2014లో దాన్ని కూలగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుదామని చూస్తే సంగీతం వాళ్లంతా అడ్డంపడి ఆపుకున్నారు. కాబ్‌కి అందరినీ ఒక్క గదిలో కూర్చోబెట్టి కలిసి వాయించమనడం అలవాటు, ఆ సంగతి ఈ ఆల్బమ్‌లో చెవికి ఆనుతుంది, డ్రమ్ దెబ్బ పడ్డాక గది కూడా ఒక క్షణం మోగుతుంది.

నాలుగో పాట శాక్రెడ్ ది థ్రెడ్‌లో ఇది మరీ తెలుస్తుంది. నిదానంగా, బరువుగా, ఒక్కో దెబ్బా నేల మీద మోపినట్టు. 1971లో వచ్చిన జెపెలిన్ నాలుగో ఆల్బమ్ చివరి పాటకి ఇంగ్లండ్‌లో ఒక పాత బంగళా మెట్ల కింద డ్రమ్స్ పెట్టి, పై అంతస్తు నుంచి రెండు మైకులు వేలాడదీసి రికార్డు చేశారు, ఆ శబ్దం కోసం అప్పటి నుంచి లోకమంతా వెతుకుతూనే ఉంది. ఫంక్షన్ హాల్లో గోడలు మోగకుండా ఉండటానికి మేము తెరలు కట్టి, బాక్సులు మళ్లించి, ఈక్వలైజర్ మీద చేతులు నొప్పి పుట్టేలా తిప్పి చచ్చేది, వాళ్లేమో ఆ మోతకోసమే మెట్ల కిందికి పోయారు! ఈ పాటలో డానీ దెబ్బకి సరిగ్గా రెండో స్పీకర్ గరగరమంది. అనుమానం నిజమే. మళ్లీ విప్పాలి.

మిగతావి చెప్పాలంటే, రన్‌వే బ్లూస్ మంచి ఊపు మీద ఉండగా నిమిషం దాటగానే అయిపోతుంది, అలా తుంచేయడం ఎందుకో, నాకు అది మొత్తం కావాలి. ఆరు, ఏడు పాటలు ఏది ఏదో తేడా తెలియలేదు. మాటల్లో ఆకాశం, విధి, దేవుడు, వెలుగు, అన్నీ పెద్ద పెద్ద మాటలే, ఒక్క మనిషీ ఒక్క వీధీ కనపడవు, మన భక్తి సినిమాల్లో మేఘాల సీన్లాగా. జేక్ గిటార్‌కి మాత్రం వంక పెట్టలేను. ఇప్పుడు జెపెలిన్ పోలిక నాకు తక్కువగానే తగిలింది, జాష్ అరుపు కొంచెం తగ్గించి పాడిన చోట్ల గొంతు అతనిదిగానే ఉంది. అట్లాంటి చోట్లు ఇంకా కొన్ని ఉంటే ఈ ఆల్బమ్ గురించి ఇంత తర్జనభర్జన పడేవాణ్ణి కాదు.

ఉదాహరణకి తొమ్మిదోది, మీటింగ్ ది మాస్టర్. మామూలు గిటార్ మీటుతూ నెమ్మదిగా మొదలై చివరికి అందరూ విరుచుకుపడతారు. మామకి ఆ మొదలు తెగ నచ్చింది, రెండుసార్లు పెట్టించుకున్నాడు, చివరికొచ్చేసరికి మాత్రం రెండుసార్లూ "ఇగ ఆపు" అన్నాడు. నా టెస్టింగ్ పెన్‌డ్రైవ్‌లోకి శాక్రెడ్ ది థ్రెడ్ ఎక్కించాలని రాసి పెట్టుకున్నాను. మామ తన ఫోన్ చేతికిచ్చి, ఆ మాస్టర్ పాట ఎక్కియ్యి, కానీ గోల మొదలయ్యే కాడికి కోసేసి ఎక్కియ్యి అన్నాడు. రాత్రికి కోసి పంపాలి, లేకపోతే రేపు పొద్దున్నే మళ్లీ షాపు ముందు కూర్చుంటాడు.