టైరు పాలిష్, మా మామయ్య గారి బొటనవేలు

మా కారు తెల్లది. 2019 జూన్‌లో కొన్నాం. కొత్తలో దాని మీదున్న మోజు నాకు ఇంకెవరి మీదా లేదని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది. ఆదివారం పొద్దున్నే గుంటూరులో మా వీధి చివరున్న వాటర్ సర్వీసింగ్‌కి వెళ్ళడం, కడిగించడం, చివర్లో అక్కడి కుర్రాడు "టైర్ పాలిష్ కొట్టమంటారా సార్?" అనడం, నేను తలూపడం. వారం వారం ఇదే తంతు. కడిగిన బండికి టైర్లు బూడిద రంగులో ఉంటే, తలంటుకుని మాసిన పంచె కట్టుకున్నట్టు అనిపించేది నాకు.

ఆ కుర్రాడు పూసేదేమిటో నేనెప్పుడూ అడగలేదు. పాత పెయింటు డబ్బా, అందులో నల్లగా జిడ్డుగా ఏదో, ఒక బ్రష్షు. డీజిల్ వాసన కొట్టేది. మెరుపు మాత్రం బ్రహ్మాండం. ఇంటికొచ్చేసరికి చక్రాల వెనక తెల్ల రంగు మీద నల్లటి చుక్కలు పడి ఉండేవి, పోపులో ఆవాలు చిట్లినట్టు. వాటిని తుడవడం నా సోమవారం పని.

2024 భోగికి రేపల్లెలో మా అత్తగారింటికి వెళ్ళాం. అల్లుడి బండి ఊళ్ళోవాళ్ళ కళ్ళు చెదరగొట్టాలి కదా, అందుకని స్ప్రే డబ్బా ఒకటి కొని పట్టుకెళ్ళాను. భోగి మంట చల్లారగానే వీధిలో బండి కడిగి, నాలుగు టైర్లకీ బుస్సు బుస్సుమని కొట్టాను. స్ప్రే కదా, పక్కల మీదే పడమంటే పడుతుందా? రోడ్డుకి ఆనే పళ్ళ మీద కూడా బాగానే పడింది. అది ఆరకముందే బండిని లోపల పెడదామని ర్యాంపు ఎక్కించబోయాను. కళ్లాపి చల్లిన నున్నటి సిమెంటు ర్యాంపు, పైగా నిటారుగా ఉంటుంది. ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. బండి పక్కకి జారి, అత్తయ్య గారు తెల్లవారుజాము నాలుగింటి నుంచి వేసిన ముగ్గులోకి దిగింది. రెండు గొబ్బెమ్మలు పోయాయి.

అత్తయ్య గారు ఏమీ అనలేదు. అదే ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

మామయ్య గారు ఆర్టీసీలో టైర్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన ముగ్గు వైపు చూడలేదు. వంగి, టైరు పక్కన బొటనవేలితో గట్టిగా ఒక గీత గీసి, ఆ వేలు వాసన చూశారు.

"ఏం పూస్తున్నారు బాబూ దీనికి?"

"పాలిష్ మామయ్య గారూ. వారానికోసారి కొట్టిస్తాను."

"మా బస్సులకి ఎవరు పూశారండీ? గాలి చూసేవాళ్ళం, పళ్ళ మధ్య ఇరుక్కున్న రాళ్ళు తీసేవాళ్ళం. కొత్తవి ముందు చక్రాలకి, అరిగిన టైరుకి కొత్త పళ్ళు అతికించి రీట్రెడ్ చేసినవి వెనక్కి. అంతే."

తర్వాత సబ్బు నీళ్ళూ బ్రష్షూ తెప్పించి, డ్రైవరు వైపు ముందు టైరుని ఆయనే కూర్చుని రుద్దారు. నాలుగుసార్లు కడిగితే గానీ నురగ తెల్లగా రాలేదు. మెరుపంతా పోయాక చూస్తే, టైరు పక్కన అంచు పొడవునా సన్నటి బీటలు కనిపించాయి. ఎండిన చెరువు మట్టిలా ఉంది. గోరు దిగేంత లోతు లేదు గానీ, ఉన్నాయి. "రంగేసిన జుట్టు లాంటిదండీ ఇది. వయసు తెలియనివ్వదు" అన్నారు.

మధ్యాహ్నం బూరెలు తిన్నాక ఇద్దరం కలిసి మిగతావి కూడా కడిగాం. అప్పుడు తేలిన సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. డ్రైవరు వైపు రెండింటికీ బీటలున్నాయి. ఎడమ వైపు రెండింటికీ దాదాపు లేవు. డిక్కీలోని స్టెప్నీకి అసలే లేవు. అయిదూ ఒకే వయసువి, పక్కన అచ్చుపోసిన నాలుగంకెలు 1219 అని ఉన్నాయి. అంటే 2019లో పన్నెండో వారంలో తయారైనవి. స్టెప్నీ ఏనాడూ పాలిష్ ఎరగదు. కాబట్టి తప్పంతా పాలిష్‌దే అనేద్దామంటే, ఎడమ వైపు వాటికీ అదే డబ్బాలోది పూశారు కదా!

తేడా ఎక్కడుందో గుంటూరు తిరిగొచ్చాక తెలిసింది. మాది పడమటి ముఖం ఇల్లు. బండి దక్షిణానికి ముక్కు పెట్టి గోడవారగా ఆపుతాను. డ్రైవరు వైపు చక్రాలకి మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎర్రటి ఎండ. ఎడమవాటికి గోడ నీడ, బండి నీడ. రొటేషన్‌లో ముందువి వెనక్కి మార్చారే గానీ అటువి ఇటు ఎప్పుడూ మార్చలేదు. మా ఊరి ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఇంతకీ పాలిష్ చేసే చెడు ఏమిటి? టైరు తయారుచేసేటప్పుడే రబ్బర్లో మైనం, ఇంకా కొన్ని కాపాడే మందులు కలుపుతారు. వాటిలో ఎక్కువగా వాడేది 6పీపీడీ. గాలిలో ఉండే ఓజోన్, వంగి సాగుతున్న రబ్బరుని మెల్లగా కొరుకుతుంది. ఆ కొరుకుడే బీటలు. ఈ మందులు లోపల్నుంచి కొంచెం కొంచెంగా పైకి ఊరుతూ దానికి అడ్డుపడతాయి. బండి నడుస్తూ టైరు వంగుతూ ఉంటేనే మైనం సరిగ్గా పైకొస్తుంది. నెలల తరబడి కదలని బండి టైర్లు తొందరగా పగలడం అందుకే. లాక్‌డౌన్‌లో మా బండి అలాగే పడి ఉంది మరి. పైకొచ్చిన మందు గాలి తగిలి గోధుమ రంగుకి తిరుగుతుంది. "టైర్లు బ్రౌన్ అయిపోయాయి సార్" అని సర్వీసింగ్ కుర్రాడు చూపించేది దీన్నే! నేను దాన్ని మురికి అనుకుని వారం వారం తోమించి, పైన డీజిల్ కలిసిన జిడ్డు పూయించాను. (అన్నట్టు, టైరు నలుపు కూడా అందానికి కాదు. రబ్బర్లో కలిపే కార్బన్ బ్లాక్‌ది ఆ రంగు. బలమిచ్చేదీ, ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడేదీ అదే.)

డీజిల్ రబ్బరుని ఏం చేస్తుందో చూడాలని ఒక పని చేశాను. కూరగాయల సంచికి వచ్చే రబ్బరు బ్యాండ్లు రెండు తీసుకుని, ఒకటి డీజిల్ ఉన్న సీసాలో, ఇంకొకటి షాపులో దొరికే తెల్ల పాలలాంటి పాలిష్‌లో వేశాను. మర్నాటికి డీజిల్‌లోది ఉబ్బి, బారు సాగి, పట్టుకుంటే పుటుక్కున తెగింది. పాలిష్‌లోది వేసినట్టే ఉంది. టైరు రబ్బరు బ్యాండంత తేలిగ్గా లొంగదు, నిజమే. కానీ పెట్రోలియం నూనెలు రబ్బరుని ఉబ్బించి, లోపలి మందుల్ని కడిగేస్తాయన్నది మాత్రం అక్కడా అంతే. ఆ సీసా చూసి మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

పాలిష్‌లలో రెండు జాతులున్నాయి. పాలలా తెల్లగా పల్చగా ఉండేది నీళ్ళలో కలిపిన సిలికోన్. మెరుపు తక్కువ, తొందరగా పోతుంది, రబ్బరు జోలికి పెద్దగా పోదు. జిడ్డుగా, గాజులా మెరుస్తూ, ఘాటు వాసన కొట్టేది పెట్రోలియం సాల్వెంట్‌ది. చాలా రోజులుంటుంది. నన్నడిగితే, ఎక్కువ రోజులుండడమే దానితో చిక్కు. దుమ్ముని పట్టుకుని ఉంటుంది, దాని మీదే మళ్ళీ పూస్తాం, పొర మీద పొర. అసలు టైరుకి పాలిష్ అవసరమే లేదు, సబ్బు నీళ్ళు చాలు. పూసేది మన కళ్ళ కోసం. అది ఒప్పుకున్నాక ఎన్ని రోజులకోసారి అన్న లెక్క తేలికైంది.

ఇప్పుడు నేను నెలకోసారి పూస్తున్నాను, తెల్లదే. మధ్యలో వారానికోసారి కార్ షాంపూ నీళ్ళతో మెత్తటి బ్రష్షు, అంతే. నెల తిరిగినా నీళ్ళు పోస్తే ముత్యాల్లా జారిపోతున్నాయంటే పాత పొర ఇంకా ఉన్నట్టే, ఆ నెల మానేస్తాను. వానాకాలంలో దాదాపు పూయను, వానకి కారిపోయే దానికి ఎందుకు డబ్బు దండగ! పూసే ముందు నురగ తెల్లగా వచ్చేదాకా కడిగి, బాగా ఆరనిచ్చి, నీడలో మాత్రమే పూస్తాను. ఎండకి కాలిన టైరు మీద ఎప్పుడూ పూయను. స్పాంజి మీద రూపాయి బిళ్ళంత వేసుకుంటే ఒక టైరు పక్కకి సరిపోతుంది. అరగంటాగి పాత బనీను గుడ్డతో మిగిలింది తుడిచేస్తాను. ఆవాల చుక్కలు ఆ తుడుపుతోనే పోయాయి. రాత్రి పూసి పొద్దున బండి తీస్తాను. రోడ్డుకి ఆనే పళ్ళకి ఒక్క చుక్క కూడా తగలనివ్వను, మా అబ్బాయి స్కూటర్ టైర్లకైతే అసలు ముట్టించను. మలుపులో స్కూటర్ వాలేది టైరు పక్కంచు మీదే, అక్కడ జిడ్డుంటే ఇక చెప్పేదేముంది.

పూసే ముందు ఒట్టి టైరుని ఓసారి వేళ్ళతో తడిమి చూస్తాను. బీటలు, ఉబ్బులు, దిగిన మేకులు, పళ్ళు 1.6 మిల్లీమీటర్ల గుర్తు దాకా అరిగాయా అన్నది. నాకు నిజంగా పనికొచ్చింది ఈ అలవాటే. ఆ పాత నాలుగు టైర్లని 2024 ఉగాదికి మార్పించేశాను. బీటలు పైపైనే ఉన్నా, అయిదేళ్ళు నిండాయి, వేసవి ముందుంది. స్టెప్నీని మాత్రం మామయ్య గారు ఉంచమన్నారు. "అయిదేళ్ళు దాటాయి కదా, ఏడాదికోసారి చూపించండి. పదేళ్ళు దాటితే మాత్రం కొత్తగా కనపడినా తీసేయండి" అన్నారు.

పోయిన భోగికి వెళ్ళినప్పుడు ఆయన మళ్ళీ వంగి టైరు మీద బొటనవేలితో గీత గీశారు. వేలు చూసుకున్నారు, పంచెకి తుడుచుకోలేదు. పాసయ్యాననుకుని లోపలికి నడిచాను. గుమ్మంలోనే అత్తయ్య గారు ఎదురొచ్చి, "బాబూ, నేను ముగ్గు మొదలుపెట్టకముందే బండి ఎక్కించేయండి" అన్నారు.