ఆర్‌ఎక్స్ 100 కోన్‌సెట్ నేనే మార్చాను: నా అనుభవం

నిన్న సాయంత్రం పని పూర్తయింది. గోళ్ల సందుల్లో గ్రీజు ఇంకా పోలేదు. మర్చిపోకముందే రాసేస్తున్నాను. కోన్‌సెట్ అంటే హ్యాండిల్ సాఫీగా తిరిగేలా ఛాసిస్ ముందు గొట్టానికి పైనా కిందా ఉండే కప్పులు, వాటిలో తిరిగే ఉక్కు గోళీలు (బాల్స్).

బండి మా నాన్నగారిది. యమహా ఆర్‌ఎక్స్ 100, 1992లో కొన్నారు. ఎస్కార్ట్స్ వాళ్లు 1985 నుంచి 1996 దాకా చేసిన 98 సీసీ టూ స్ట్రోక్ బండి ఇది. ఇంజిన్ ఇప్పటికీ ఒక్క కిక్కుకే అందుకుంటుంది. ఆర్నెల్లుగా గొడవంతా హ్యాండిల్‌తోనే. ముందు బ్రేకు పట్టగానే 'టక్'మని చప్పుడు. నేరుగా పోతుంటే హ్యాండిల్ గాడిలో పడ్డట్టు బిగుసుకుంటుంది, పక్కకి తిప్పాలంటే ఆ గాడిలోంచి లాగాలి.

నిరుడు ఒక మెకానిక్‌కి ఇస్తే కోన్‌సెట్ మొత్తం మార్చానని చెప్పి డబ్బు తీసుకున్నాడు. ఇప్పుడు విప్పి చూస్తే బాల్స్ మాత్రమే కొత్తవి, కప్పులు పాతవే. కప్పులో గోరు పెట్టి గుండ్రంగా తిప్పాను. ప్రతి గుంత దగ్గరా గోరు ఆగింది. మనం బండి నడిపేది ఎక్కువగా నేరుగానే కాబట్టి, గతుకు తగిలినప్పుడల్లా బాల్స్ ఒకేచోట కొట్టికొట్టి అలా గుంతలు చేస్తాయి. కొత్త బాల్స్ వేసినా వెళ్లి ఆ గుంతల్లోనే కూర్చుంటాయి. ఈ సంగతి ఆ మెకానిక్‌కి తెలియక కాదు. కప్పులు తీయడం కష్టం, బండి ఇచ్చినవాడు విప్పి చూడడు, అదే అతని ధైర్యం. కష్టానికి ఎంత అడిగినా ఇస్తాం, కానీ హ్యాండిల్ మీద ఒక మనిషి ప్రాణం ఉంటుంది. దాంట్లో మోసం చేసినవాణ్ని నేను క్షమించలేను.

సంక్రాంతి సెలవులు రాగానే మొదలుపెట్టాను. ఇంజిన్ కింద చెక్క దిమ్మలు పెట్టి ముందుభాగం లేపితే చక్రం, షాకబ్జర్లు, హెడ్‌లైటు, హ్యాండిల్ ఒక్క పూటలో ఊడొచ్చాయి. వైర్లు తీసేముందు ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. కోన్‌సెట్‌ని పైనుంచి బిగించి ఉంచే గాట్ల రింగ్ నట్టుకి ప్రత్యేకమైన పానా ఉంటుంది. అది లేక చాలామంది స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొడతారు. మా బండి నట్టు గాట్లు అలాగే చితికిపోయాయి. నేను నట్టుకి సరిపోయే జీఐ పైపు ముక్క తెచ్చి, గాట్లలో కూర్చునే పళ్లు మిగిలేలా చివర ఆకురాయితో అరగదీశాను. రెండో చివర కన్నం వేసి చువ్వ దూర్చాను. నట్టు సాఫీగా తిరిగింది.

పై కప్పు, గొట్టం కింది నుంచి పొడవాటి చువ్వ పెట్టి కొడితే నాలుగు దెబ్బలకి వచ్చింది.

కింది కప్పు రాలేదు. ఛాసిస్ గొట్టంలోకి టార్చి వేసి చూస్తే కప్పు అంచు గోరంత మందం కూడా కనబడదు. చువ్వ ఆనించి కొడితే జారిపోతుంది. జారినప్పుడల్లా గొట్టం లోపల ఒక గీత. చువ్వ చివర చదును చేశాను. డీజిల్ పోసి రాత్రంతా ఉంచాను. మర్నాడు మరిగే నీళ్లు పోశాను. అరచేతులు పొక్కాయి గానీ కప్పు వెంట్రుకవాసి కదల్లేదు. నాన్నగారు కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నారు. "గొట్టం పాడవుతుందేమోరా" అని ఒక్కసారి అన్నారు, ఆ తర్వాత ఏమీ అనలేదు. ఆయన అలా మాట్లాడకుండా చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. వీధిలో పోతున్న తెలిసినాయన ఒకరు ఆగి, "చేతకాని పని ఎందుకు మాస్టారూ, ఆ మెకానిక్‌కే ఇవ్వకపోయారా" అన్నారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

తెల్లారగానే వీధి చివర గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపుకి వెళ్లాను. అక్కడి బాబాయి నేను చెప్పింది విని, "కప్పు లోపల ఒక చుట్టు వెల్డింగ్ వేస్తే అదే వదులుతుంది, బండి పట్రా" అన్నాడు. ముందు చక్రం లేని బండిని ఎలా తేవడం? కూరగాయలాయన్ని అడిగితే మధ్యాహ్నం బేరం అయ్యాక తన తోపుడు బండి ఇచ్చాడు. నలుగురం ఎత్తి దాని మీద పడుకోబెట్టి తోసుకెళ్లాం. వెల్డింగ్‌కి ముందు పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ, సీడీఐ (ప్లగ్గుకి స్పార్క్ అందించే ఎలక్ట్రానిక్ పెట్టె) తీసేసి దూరంగా పెట్టాలి. ఇందులో మాత్రం బద్ధకించకండి.

బాబాయి బాల్స్ తిరిగే చోటే చుట్టూ వెల్డింగ్ వేశాడు. అది చల్లారేటప్పుడు ముడుచుకుంటూ కప్పునీ లోపలికి లాక్కుంటుంది, దాంతో గొట్టం మీద పట్టు వదులుతుంది. టీ తాగి వచ్చి చువ్వతో ఒక్కటి తట్టాడు. కప్పు 'ఠంగు'మని కింద పడింది. రోజున్నర నన్ను ఏడిపించిన కప్పు! ఎంత బతిమాలినా ఆయన డబ్బు ముట్టుకోలేదు.

కొత్త కప్పుల్ని స్టీలు డబ్బాలో పెట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచాను. చల్లదనానికి లోహం కాస్త ముడుచుకుంటుంది. గొట్టంలోంచి పొడవునా మరలున్న 12 ఎంఎం స్టడ్ రాడ్ దూర్చి, రెండువైపులా మందపాటి వాషర్లు వేసి నట్లు బిగిస్తూపోతే కప్పులు వంకరపోకుండా నిదానంగా దిగాయి. సుత్తితో కొట్టి దింపొద్దు. తర్వాత గ్రీజు దట్టంగా పూసి బాల్స్ ఒక్కొక్కటే అంటించాను. రింగ్ నట్టు ముందు గట్టిగా బిగించి, తర్వాత కొంచెం వదలాలి. చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్‌ని మెల్లగా తడితే దాని బరువుకి అదే ఓ పక్కకి వాలాలి, షాకబ్జర్లు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే కదలిక ఉండకూడదు. రింగ్ నట్టుకి పైన వచ్చే పెద్ద నట్టు బిగించాక మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే అప్పుడు బిగువు మారుతుంది.

బడిలో లెక్కలు చెప్పుకునేవాణ్ని, ఈ పని నాకెవరూ నేర్పలేదు. అయినా ఏ షోరూం పనికీ ఇది తీసిపోదని గర్వంగా చెబుతాను. నిన్న తెనాలి నుంచి దుగ్గిరాల దాకా వెళ్లొచ్చాను. ప్రతి గతుకు దగ్గరా చెవులు రిక్కించి విన్నాను, ఆ 'టక్' లేదు. కప్పులు కుదురుకున్నాక కొంచెం వదులవుతాయి కాబట్టి 200 కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగిస్తాను.

పైపు పానా, స్టడ్ రాడ్, వాషర్లు మా ఇంట్లోనే ఉన్నాయి. తెనాలి చుట్టుపక్కల పాత ఆర్‌ఎక్స్ ఉన్నవాళ్లు ఎవరైనా తీసుకెళ్లొచ్చు, పనయ్యాక తిరిగిస్తే చాలు.