లేత్ మిషన్ ముందు ఇంటిగ్రేషన్

ఇంటిగ్రేషన్ అంటేనే టెన్షన్ పడే మా తమ్ముణ్ని విజయవాడ ఆటోనగర్‌లో ఓ లేత్ మిషన్ ముందు నిలబెట్టాను. ఇనుప కడ్డీ గిర్రున తిరుగుతోంది. టూల్ ఎలా కదిలితే ఆ వంపే కడ్డీ చుట్టూ పడుతోంది, సన్నటి చుట్టలు రాలుతున్నాయి. ఎక్కడ అడ్డంగా కోసినా గుండ్రటి బిళ్ళే. దాని వైశాల్యం పై ఆర్ స్క్వేర్. సన్నటి బిళ్ళలన్నీ కూడితే ఘనపరిమాణం. ఆ కూడటమే ఇంటిగ్రేషన్, అంతే!

అక్కడే కాగితం మీద అర్ధవృత్తాన్ని దాని వ్యాసం చుట్టూ తిప్పించాను. గోళం వచ్చింది, దాని ఘనపరిమాణం ఫోర్ బై త్రీ పై ఆర్ క్యూబ్ అని తేలింది. "అన్నయ్యా, బట్టీ పట్టిన ఫార్ములా ఇక్కణ్నుంచి వచ్చిందా!" అన్నాడు. వాడి మొహం చూడాలి అప్పుడు.

ఇలాగే వన్ బై ఎక్స్ వక్రాన్ని ఒకటి నుంచి అనంతం దాకా ఎక్స్ అక్షం చుట్టూ తిప్పితే ఘనపరిమాణం పై మాత్రమే, ఉపరితలం మాత్రం అనంతం. ఇంటిగ్రేషన్‌కి పునాది వేసినవాళ్ళలో ఒకడైన న్యూటన్ పుట్టిన 1640ల్లోనే ఇటలీ గణితవేత్త టోరిచెల్లి ఇలాంటి ఆకారం ఘనపరిమాణం కనుక్కున్నాడంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.