బెజవాడ ఎండలు, బెంగళూరు చలి: మా ఇంట్లో నాలుగు నెలలు నలిగిన ప్రశ్న

మావారు పనిచేసే సంస్థ ఈ ఏడాది ఒక అవకాశం ఇచ్చింది. ఇష్టమైతే బెంగళూరు కార్యాలయానికి మారవచ్చు, లేదంటే విజయవాడలోనే కొనసాగవచ్చు. జీతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, బెంగళూరు అద్దెలు చూస్తే ఆ కాస్త తేడా కూడా మిగలదు. కాబట్టి ఉద్యోగం కోసం ఊరు మారక తప్పదనే పరిస్థితి మాకు రాలేదు. మేము నాలుగు నెలల పాటు ఆలోచించింది ఒక్క వాతావరణం గురించే. ఇంట్లో డెబ్బై దాటిన అత్తయ్యగారు ఉన్నారు, ఆవిడకు రక్తపోటు ఉంది. చలిగాలి తగిలితే పిల్లికూతలతో ఆయాసపడే పదేళ్ళ అబ్బాయి ఉన్నాడు. ఒకరికి మేలు చేసే గాలి మరొకరికి కీడు చేస్తుందేమోనన్న భయంతోనే ఈ నిర్ణయం ఇంతకాలం సాగింది.

విజయవాడ ఎండ గురించి తెలుగువారికి కొత్తగా చెప్పాల్సింది లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట మాకు ఏటా అనుభవమే. 2015 మే నెలాఖరులో వీచిన వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది వృద్ధులూ, ఎండలో పనిచేసుకునే కూలీలూ. అయితే పగటి ఉష్ణోగ్రత నలభై మూడా నలభై అయిదా అన్నదానికంటే రాత్రి ఎంతకు దిగుతుందన్నదే పెద్ద వయసువారికి ముఖ్యమని నాకు గత రెండు మూడు వేసవుల్లో బాగా అర్థమైంది. మాది పై అంతస్తు. పగలంతా పెనంలా కాలిన డాబా రాత్రి పన్నెండు దాటినా వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. గోడ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగులుతుంది. బయట ముప్పై డిగ్రీల దిగువకు రాని రాత్రుల్లో ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పుతుంది. దానికి కృష్ణ ఒడ్డున ఉండే ఉక్క తోడవుతుంది. చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. పగలు అలిసిన గుండెకు రాత్రి దొరకాల్సిన విశ్రాంతి దొరకదు.

గత మే నెలలో ఒక ఉదయం అత్తయ్యగారు పూజ గదిలో దీపం వెలిగించబోతూ అగ్గిపెట్టె పట్టుకున్న చేతిని అలాగే ఉంచి, తర్వాత ఏం చేయాలో తెలియనట్టు నిలబడిపోయారు. పేరు పెట్టి పిలిచినా జవాబు రాలేదు. ఆస్పత్రిలో పరీక్ష చేస్తే రక్తంలో సోడియం, అంటే ఉప్పు, బాగా పడిపోయిందని తేలింది. ఆవిడ వేసుకునే రక్తపోటు మాత్రలో ఒంట్లో నీరు తీసే మందు కూడా ఉంది. చలికాలంలో ఆ మందు చక్కగా పనిచేస్తుంది. ఎండాకాలంలో మాత్రం చెమటలో ఉప్పు పోతూ ఉండగా ఈ మాత్ర కూడా ఉప్పును బయటికి పంపుతుంది. వైద్యుడు మందు మార్చారు, నాలుగు రోజుల్లో ఆవిడ మామూలు మనిషి అయ్యారు. ఇంట్లో రక్తపోటు మాత్రలు వేసుకునే పెద్దవారు ఉన్నవాళ్ళందరూ మార్చి నెలలోనే ఒకసారి వైద్యుడిని కలిసి, ఎండలకు ఈ మందులు సరిపోతాయా అని అడగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అన్ని గదులకూ ఏసీలు పెట్టుకుంటే సరిపోతుంది కదా అని మా బంధువులు అన్నారు. అత్తయ్యగారి గదికి పెట్టించాము కూడా. కానీ ఆవిడ తెల్లవారుజామున లేచి తులసికోటకు నీళ్ళు పోసి, వీధిలో కూరగాయల బండి వస్తే బేరమాడి, సాయంత్రం గుడికి నడిచివెళ్ళే మనిషి. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా ఆవిడను ఒక గదిలో కూర్చోబెడితే ఎండదెబ్బ తగలదు గానీ కాళ్ళు పట్టేస్తాయి, మాట్లాడే మనిషి కరువవుతాడు. కరెంటు పోయిన గంటలో ఏం చేయాలన్న దిగులు మాకు ఎలాగూ ఉంటుంది.

ఇక బెంగళూరు. సముద్ర మట్టానికి తొమ్మిది వందల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఊరు అది. ఎత్తు ప్రతి కిలోమీటరుకు సుమారు ఆరున్నర డిగ్రీల చల్లదనం ఇస్తుందని భౌగోళిక పాఠాల్లో చదువుకున్నదే. విజయవాడకూ దానికీ ఉన్న తేడాలో ఎక్కువ భాగం ఈ ఎత్తు వల్ల వచ్చిందే. అక్కడ అన్నిటికంటే వేడిగా ఉండే ఏప్రిల్‌లో కూడా సగటు పగటి ఉష్ణోగ్రత ముప్పై నాలుగు డిగ్రీల దగ్గర ఉంటుంది, రాత్రికి గాలి చల్లబడుతుంది. ఆ రాత్రి చల్లదనమే మాకు కావలసింది. అయితే బెంగళూరు కూడా పూర్వపు బెంగళూరు కాదు. 2016 ఏప్రిల్ 24న అక్కడ 39.2 డిగ్రీలు నమోదైంది. 2024 వేసవిలో నగరంలో ఉన్న 13,900 ప్రభుత్వ బోరుబావుల్లో 6,900 ఎండిపోయాయని కర్ణాటక ప్రభుత్వమే చెప్పింది. ఆ వేసవిలో మా ఆడపడుచు ఉండే అపార్ట్‌మెంటులో ఉదయం గంట, సాయంత్రం గంట నీళ్ళు వదిలేవారట.

నీళ్ళ సంగతి నేను మొదట వాతావరణంలో భాగంగా చూడలేదు, ఆలోచించేకొద్దీ అది అందులో పెద్ద భాగమని తెలిసింది. బెజవాడలో కృష్ణ ఊరి పక్కనే పారుతుంది. బెంగళూరుకు కావేరి నీళ్ళు సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు అయిదు వందల మీటర్ల ఎత్తుకు పంపులతో తోడితేనే వస్తాయి. ఊరిని చల్లగా ఉంచే ఆ ఎత్తే నీళ్ళను దూరం చేసింది. 2024 అక్టోబరులో కావేరి అయిదో దశ పథకం మొదలై, నగరంలో కలిసిన 110 గ్రామాలకు నీళ్ళు ఇవ్వడం ఆరంభించింది. అయినా ప్రతి ఇంటికీ గొట్టం వచ్చిందని అనుకోకూడదు. బెంగళూరులో ఇల్లు వెతికేవారు గదుల సంఖ్య అడిగే ముందు కావేరి కనెక్షన్ ఉందా, బోరు ఎన్ని అడుగులు, గత మార్చిలో ట్యాంకర్లు ఎన్ని తెప్పించారు అని అడగాలి. ఇంటి యజమాని మాటతో సరిపెట్టుకోకుండా కాపలాదారును విడిగా అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

వరద భయం విషయంలో మాత్రం ఈ రెండు ఊళ్ళలో ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా అని చెప్పలేను. 2022 సెప్టెంబరులో బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు వైపు మనుషులను ట్రాక్టర్ల మీదా పడవల మీదా తరలించారు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉంది. రెండు చోట్లా వీధి పల్లమా మెరకా అన్నదే తేల్చుతుంది.

చాలామంది బెంగళూరును మే నెల సెలవుల్లో చూసి ముచ్చటపడతారు. బెజవాడ ఎండలో నుంచి రైలెక్కి, మర్నాడు పొద్దున్నే ఆ చల్లగాలిలో దిగినవారికి అది స్వర్గంలాగే తోస్తుంది. ఆ ముచ్చటతో ఊరు మారడం సరికాదని నా అభిప్రాయం. వెళ్ళబోయే ఊరిని దాని మంచి కాలంలో కాక చెడ్డ కాలంలో చూడాలి. అందుకే ఆగస్టులో అత్తయ్యగారినీ అబ్బాయినీ తీసుకుని మా ఆడపడుచు ఇంట్లో కొన్ని వారాలు ఉన్నాము. ఆ నెలలో బెంగళూరులో ఎండ కనిపించడమే అరుదు. మేమున్న రోజుల్లో పెద్ద వాన కంటే తుంపరే ఎక్కువ. మబ్బు విడవదు. ఆరేసిన నూలు చీర రెండో రోజుకు కూడా తడిగానే ఉండి వాసన పట్టింది. మేడ మీది సోలార్ హీటరు నుంచి గోరువెచ్చని నీళ్ళు కూడా సరిగా రాలేదు, స్నానానికి గీజరు వేయక తప్పలేదు.

వంటింట్లో ఆ వాతావరణం ఇంకా స్పష్టంగా కనిపించింది. బెజవాడలో రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి తెల్లవారేసరికి గిన్నె దాటి పొంగుతుంది, వేసవిలోనైతే అర్ధరాత్రికే పులిసిపోతుందని భయపడతాము. అక్కడ మర్నాడు మూత తీసి చూస్తే పిండి రుబ్బినది రుబ్బినట్టే ఉంది. పాలు తోడుపెడితే ఉదయానికి పెరుగు కాలేదు, పాలుగానే మిగిలాయి. అత్తయ్యగారు రెండు రోజులు గమనించి, మూడో రోజు పాలను కాస్త వేడిగా ఉన్నప్పుడే తీసుకుని, తోడు రెట్టింపు వేసి, గిన్నెను పాత దుప్పటిలో చుట్టి పొయ్యి పక్కన పెట్టారు. పెరుగు గడ్డగా తోడుకుంది. "చలి ఊళ్ళో పెరుగుకు కూడా దుప్పటి కావాలమ్మా" అని ఆవిడ అన్నప్పుడు, ఆ ఊరితో ఎలా నెగ్గుకురావాలో ఆలోచించడం ఆవిడ అప్పటికే మొదలుపెట్టారని నాకు అనిపించింది. రాత్రిళ్ళు నిద్ర మధ్యలో లేవలేదు. ఉదయం పార్కులో కన్నడ, తెలుగు కలిపి మాట్లాడే ఇద్దరు పెద్దావిడలతో స్నేహం కూడా కుదిరింది. మోకాళ్ళు మాత్రం పొద్దున్న లేవగానే బిగుసుకుంటున్నాయని చెప్పారు. చలిలో రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరిగే అవకాశం ఉంటుంది కనుక, వెళ్తే అక్కడ మందుల మోతాదు మళ్ళీ చూసుకోవాలని ఇక్కడి వైద్యుడు ముందే హెచ్చరించారు.

అబ్బాయి విషయం అంత సులువుగా తేలలేదు. వాడికి రెండో వారంలో రాత్రి దగ్గు మొదలైంది, పిల్లికూతలు వినిపించాయి. బెంగళూరు పిల్లల్లో ఉబ్బసం పెరుగుతోందని అక్కడి పిల్లల వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. ఆస్పత్రికి వచ్చిన పిల్లలను పరిశీలించిన ఒక అధ్యయనంలో 1979లో తొమ్మిది శాతంగా ఉన్నది 1999 నాటికి ముప్పై శాతం దగ్గరికి చేరింది. అన్నిటికీ చల్లగాలినే తప్పుపట్టలేము. వాహనాల పొగ ఉంది, తడి గోడల మీద బూజు ఉంది, ఖాళీ స్థలాల్లో నడుము ఎత్తున పెరిగే వయ్యారిభామ మొక్కల పుప్పొడి ఉంది. మా ఆడపడుచు ఇంటి పక్కనే అటువంటి ఖాళీ స్థలం ఒకటి ఉంది, అబ్బాయి పడుకున్న గది కిటికీ అటే తెరుచుకుంటుంది. వాడిని ఎదురువైపు గదిలోకి మార్చి, అటు కిటికీ మూసి ఉంచాక దగ్గు కొంత తగ్గింది. అదొక్కటే కారణమని నేను అనుకోవడం లేదు. రోజూ వాడే ఇన్‌హేలరు క్రమం తప్పకుండా ఇస్తూ, ఎండ పడే గది, చెమ్మ లేని గోడలు, పక్కన ఖాళీ స్థలం లేని ఇల్లు చూసుకుంటే బెంగళూరులో ఉండటానికి అభ్యంతరం లేదని ఊపిరితిత్తుల వైద్యురాలు చెప్పారు.

ఈ రెండు ఆరోగ్యాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఇది. అబ్బాయి ఆయాసానికి మందు ఉంది, ఇల్లు ఎంచుకోవడంలో జాగ్రత్త ఉంది, ఎప్పుడు పెరుగుతోందో వాడి ఛాతీ ముందుగానే చెబుతుంది. అత్తయ్యగారికి బెజవాడ మే నెల నుంచి అటువంటి ముందస్తు హెచ్చరిక రాదు. దాహం వేయడం కూడా తగ్గిపోయిన వయసులో ఎండ లోలోపలే పనిచేసి, ఒక ఉదయం ఒక్కసారిగా బయటపడుతుంది. అందువల్ల నా మొగ్గు బెంగళూరు వైపే ఉంది, మావారూ చివరికి ఇదే మాటకు వచ్చారు.

అయితే అత్తయ్యగారిని బెజవాడ నుంచి పూర్తిగా తెంచి తీసుకుపోవడం ఆరోగ్యం కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బెజవాడ వాతావరణానికి సాటి లేదు. జనవరిలో తెల్లవారుజామున పంతొమ్మిది డిగ్రీల దగ్గర ఉండి, మధ్యాహ్నానికి హాయిగా ముప్పైకి చేరుతుంది. ఆ నెలల్లోనే బెంగళూరులో ఆవిడ మోకాళ్ళు బిగుసుకుంటాయి. ధనుర్మాసం, సంక్రాంతి కూడా అప్పుడే. కాబట్టి ఇల్లు అమ్మడం లేదు, అద్దెకు ఇవ్వడం లేదు. కింది వాటాలో మా మరిది కుటుంబం ఉంటుంది గనుక, శీతాకాలం ఆవిడ ఇక్కడే గడుపుతారు. మార్చి ఆరంభంలో, ఎండలు ముదరకముందే, నేను ఆవిడతో బెంగళూరు వెళ్తాను. పరీక్షలు అయ్యాక మావారూ అబ్బాయీ వస్తారు.

ఇలా రెండు ఊళ్ళ మధ్య కాలాన్ని పంచుకోగలగడం మా అదృష్టమని నాకు తెలుసు. బెంజ్ సర్కిల్ దగ్గర మిట్టమధ్యాహ్నం ఆటోలో కూర్చుని బేరం కోసం చూసే మనిషికి ఈ ఎంపిక లేదు. ఊరు మారలేనివారి కోసం ఈ ఊళ్ళోనే నీడా, చెట్లూ, మంచినీళ్ళూ పెరగాలి. వెళ్ళిపోతున్నాము కదా అని ఆ మాట అనే బాధ్యత నాకు తగ్గదు.

ఇల్లు జయనగర్ వైపు చూస్తున్నాము. పాత పేట కావడంతో కావేరి గొట్టాలు ఉన్నాయి, చెట్ల నీడ ఉంది. చెట్లు ఉన్నచోట పుప్పొడి కూడా ఉంటుంది గనుక, ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు అబ్బాయిని తీసుకెళ్ళి ఆ వీధిలో ఒక సాయంత్రం ఆడనిస్తాము. మొదటి ఏడాది పదకొండు నెలల ఒప్పందమే చేసుకుంటాము. మావారు తమ సంస్థతో మాట్లాడి, ఏడాదిలోపు అడిగితే విజయవాడకు తిరిగి పంపేలా రాతపూర్వకంగా మాట తీసుకున్నారు. డిసెంబరు, జనవరి నెలల్లో అబ్బాయికి ఉపశమనం కోసం వాడే ఇన్‌హేలరు వారానికి రెండుసార్లకు మించి అవసరమైతే, వైద్యురాలిని కలిసి, ఆవిడ వద్దంటే వేసవి సెలవుల నాటికి తిరిగి వచ్చేస్తాము. అప్పుడు అత్తయ్యగారి వేసవి నెలలు ఆడపడుచు ఇంట్లో గడుస్తాయి. ఈ మాట ఆమెతో ఇప్పుడే అనుకుని ఉంచాము, ఆమె సంతోషంగా ఒప్పుకుంది.